ఆటు వచ్చేదాకా బతికున్న దండనాథుడు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: మంచం మీద నౌకా దండనాథుడు ఉదగ్రసేనుడు, ఆయన కాళ్ల దగ్గర కూతురు కువలయాదేవి, గుమ్మం పక్కన ఆయనతో నలభై ఏళ్లు ఓడలు నడిపిన ముసలి సరంగు మొగిలయ్య, వంటింట్లో ఎర్రెమ్మ, మూడు రోజుల కిందట మూలికల సంచి భుజాన వేసుకుని వచ్చిన వైద్యుడు శంబళుడు, కిటికీ మూల ఎవరి కంటా పడకుండా ముడుచుకుని కూర్చున్న మనవరాలు మౌక్తిక. దండనాథుణ్ణి లెక్కలో వేసుకుంటే ఆరుగురు, వేసుకోకపోతే ఐదుగురు. వేసుకోవాలా వద్దా అన్న సంగతే ఆ రోజు పన్నెండు ఓడల ప్రాణాల మీదికి తెచ్చింది.

ఎందుకంటే దండనాథుడు పొద్దు బారెడెక్కేసరికే చనిపోయాడు.

చనిపోయాడని మాత్రం ఎవరూ అనలేదు. ముక్తావతీ రాజ్యంలో సముద్రం మీద బతికిన మనిషి పోటు వేళ కన్ను మూస్తే పోయినట్టు కాదు. తీరాన్ని ముంచిన పోటు నీరు వెనక్కి మళ్లి ఆటు మొదలైనప్పుడే, ఆ నీటితోపాటు ప్రాణం కూడా వెళుతుందని వాళ్ల నమ్మకం. అంతదాకా ఏడవకూడదు. దీపం తలవైపుకి మార్చకూడదు. వేళకి గంజి తెచ్చి పెదవులకి తాకించాలి, విసనకర్రతో విసరాలి, గడియకోసారి "తమరి ఆజ్ఞ ఏమిటి?" అని అడగాలి. ఆ గడువులో గనక పోయిన మనిషి నోరు విప్పితే ఆ మాట సముద్రుడి మాటేనట. విప్పినవాడిని ఎవరూ చూడలేదు. అయినా తరతరాలుగా అడుగుతూనే ఉన్నారు.

ఆ ఇల్లు వేలాపురం రేవు చివర, కొండకొమ్మున, రెక్కలు ముడిచిన గరుడపక్షిలా ఉంటుంది. శంఖాల సున్నం పూసిన గోడలు పగటి ఎండలో కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి. కప్పు మీద తాటిచెట్టంత జెండా కొయ్య. కింద పచ్చల పళ్లెంలాంటి రేవు, అందులో బంగారు మొసలి తలల పన్నెండు యుద్ధనౌకలు. రేవు మొగలో, ఓడలు సముద్రంలోకి దాటే చోట, నీళ్లలోంచి నల్లగా పొడుచుకొచ్చిన బండలు. వాటిని రాకాసి కోరలంటారు. పోటు వేళ అవి మునిగిపోయి, అక్కడేమీ లేనట్టే నీరు మెరుస్తుంది. ఆటు వేళ ఒక్కొక్కటీ పైకి లేస్తుంది.

దక్షిణాన కాకోల ద్వీపం ఓడలు కనిపించి అయిదు రోజులైంది. రాజుగారు ఒకటే శాసనం చేశారు: ఉదగ్రసేనుడి కప్పు మీద తెల్ల జెండా లేస్తేనే మన ఓడలు లంగరు తీయాలి, ఎర్ర జెండా లేస్తే దించాలి, మరెవరి మాటా చెల్లదు. ముందునున్న ఓడకి నాయకుడు మౌక్తికకి అన్నయ్య అయిన హంసకేతు. తల్లీ తండ్రీ లేని ఆ ఇద్దరినీ పెంచింది ఈ తాతా, ఈ మేనత్తే.

ఓడలో చేరిన నీళ్లు తోడిపోసే కుర్రాడిగా మొదలై నౌకా దండనాథుడైన మనిషి ఉదగ్రసేనుడు. ముప్పై రెండేళ్ల కిందట పదకొండు ఓడలతో కాకోల ద్వీపపు డెబ్బై ఓడలని ఎదుర్కొన్నాడు. పోటు చివర తన ఓడలని కోరల మధ్యనుంచి దాటించి, వెంట తరుముకొచ్చిన శత్రువుల్ని ఆటు నీటికి అప్పగించాడు. మూడు గడియల్లో డెబ్బై ఓడలూ పుచ్చకాయల్లా పగిలాయి. ఆయన కత్తి ఎత్తితే సముద్రం భయపడి దారి ఇచ్చిందని వేలాపురంలో ప్రతి వీధిలోనూ పాడతారు. యుద్ధం అయ్యాక ఆయన పెట్టిన కట్టడి మాత్రం ఎవరూ పాడరు: ముక్తావతీ ఓడ ఏదీ, ఎంత అవసరమొచ్చినా, ఆటు వేళ లంగరు తీయకూడదు. మునిగిపోతున్నవాళ్లు ఏ భాషలో అరిచినా ఒక్కలాగే ఉంటుందని ఆయన ఒకసారి మౌక్తికతో అన్నాడు. ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడదు గనకే ఆయన అన్నీ ఆ పిల్లతో చెప్పేవాడు.

గుమ్మం దగ్గర నీళ్లతొట్టిలో తేలే చిల్లి గిన్నె నిండి బుడుంగున మునిగింది. గడియ అయింది.

"ఆటుకింకా మూడు గడియలు," అన్నాడు మొగిలయ్య. గిన్నె తీసి మళ్లీ తేల్చాడు.

వైద్యుడు శంబళుడు లేచాడు. సన్నగా, ఎండిన తాటాకులా ఉంటాడు. మాట తేనె. "తల్లీ, నేను సామాను గదిలో కూర్చుని దండనాథులవారి కోసం జపం చేస్తాను. ఎవరినీ రానివ్వకండి. జపం భగ్నమైతే మంచిది కాదు," అన్నాడు.

"వెళ్లండి బాబూ, మీరే దిక్కు," అంది కువలయాదేవి.

వెళుతూ వెళుతూ అతను మంచం వైపు చూశాడు. రోగిని చూసిన చూపులా లేదు. అద్దెకి దొరికిన ఇంటిని చూసుకున్నట్టుంది. కిటికీ మూలనుంచి మౌక్తిక ఒక్కతే అది గమనించింది.

రెండో గిన్నె మునిగింది. మొగిలయ్య మంచం దగ్గరికొచ్చి తలగుడ్డ తీసి, వంగి, ఎప్పటి మాటే అడిగాడు.

"దొరా, తమరి ఆజ్ఞ ఏంటి?"

మంచం కిర్రుమంది.

"తెల్ల జెండా ఎత్తు," అన్నాడు చచ్చిపోయిన దండనాథుడు.

కువలయాదేవి చేతిలో గంజిగిన్నె కిందపడి ముక్కలైంది. ఉదగ్రసేనుడి కళ్లు తెరుచుకున్నాయి. పెదవులు ముందు కదిలాయి, ఆ తరవాత గొంతు వచ్చింది, దూరంగా బట్టలుతుకుతుంటే దెబ్బ ముందు కనిపించి చప్పుడు వెనక వినిపించినట్టు.

"ఆటు మొదలయ్యేసరికి పన్నెండు ఓడలూ కోరల దారిలో ఉండాలి. కాకోలులు దక్షిణంనుంచి కాదు, ఉత్తరంనుంచి వస్తున్నారు. ఊఁ, కదులు."

"నాన్నా!" కువలయాదేవి ఆయన పాదాల మీద పడింది. "మీరు పోలేదు నాన్నా! నేను చెబుతూనే ఉన్నా, మా నాన్న పోలేదని చెబుతూనే ఉన్నా!"

మొగిలయ్య సాష్టాంగపడ్డాడు. చచ్చినవాడు మాట్లాడితే పరుగెత్తాల్సిన మనుషులు పరుగెత్తలేదు, మొక్కారు. వందల ఏళ్లుగా ఈ ఒక్క మాట కోసమే అడుగుతున్న జాతి అది. జవాబు వచ్చేసరికి ఇచ్చింది ఎవరని చూడడం వాళ్లకి తట్టలేదు.

సరంగు లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "దొరా, ఆటులోనా? కోరల దాకా చేరేసరికి నీరు మోకాలి కిందకి దిగిపోద్ది గదా?"

"నాకు తెలియని దారా మొగిలీ?"

"అయ్యో, ఎంత మాట దొరా!" మొగిలయ్య లెంపలు వాయించుకుని మెట్లెక్కాడు. క్షణంలో కప్పు మీద తాడు గరగరలాడింది. తెల్ల జెండా ఫటఫటా విచ్చుకుంది. కింద రేవులో పన్నెండు ఓడల మీద పన్నెండు నగారాలు మోగాయి.

అప్పుడు ఒక ఈగ వచ్చి దండనాథుడి కంటి మీద వాలింది. రెప్ప మీద కాదు, గుడ్డు మీద. తీరిగ్గా ఈ మూలనుంచి ఆ మూలకి నడిచింది. ఆయన రెప్ప వేయలేదు.

అదీ మౌక్తిక ఒక్కతే చూసింది. ఆ గొంతు తాతయ్యదే. పెదవుల మీది తెల్లటి గాటు తాతయ్యదే. రెండు వేళ్లు లేని ఎడమ చెయ్యి తాతయ్యదే. కానీ లోపల ఎవరో కూర్చుని ఆ కళ్లని కిటికీల్లా వాడుకుంటున్నారు. కాకోల ద్వీపంలో ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి దూరే మాంత్రికులుంటారని ఎర్రెమ్మ కథల్లో చెప్పేది. ఖాళీ అయిన ఒంట్లోకే దూరగలరట. నీళ్లు మళ్లేదాకా ఉండగలరట.

పదిమందిలో పేరు అడిగితేనే చెమటలు పట్టే పిల్ల ఆమె. లేచి మంచం దగ్గరికి నడిచింది.

"తాతయ్యా." ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. మళ్లీ అంది. "తాతయ్యా, కోరల మధ్య దారి నీకు మొదట చూపించింది ఎవరు?"

కళ్లు మెల్లిగా ఆమె వైపు తిరిగాయి. అప్పటికే కిందికొచ్చిన మొగిలయ్య ఆయాసపడుతూ వింటున్నాడు.

"ఎవరు చూపిస్తారే పిచ్చిదానా? నా కత్తి చూసి సముద్రమే దారి ఇచ్చింది."

"అద్గదీ మాట!" మొగిలయ్య కళ్లు తుడుచుకున్నాడు.

"అబద్ధం," అంది మౌక్తిక. "దారి చూపించింది సోమాలు. రేవు పక్క మడుల్లో ఉప్పు ఏరుకునే సోమాలు. పోటు చివర రెండో కోరకీ మూడో కోరకీ మధ్య నురగ పక్కకి తిరుగుతుందనీ, ఆ వెంటే వెళ్లాలనీ తాతయ్య చెయ్యి పట్టుకుని చూపించింది. ఉప్పుగంప మోసే మనిషి పేరు విజయశాసనంలో చెక్కించనన్నారట అప్పటి రాజుగారు. తాతయ్య ఊరుకున్నాడు. ఊరుకున్నందుకు ముప్పై రెండేళ్లు సిగ్గుపడ్డాడు. నాతో ఎన్నిసార్లు చెప్పాడో! ఈయన తాతయ్య కాదు అత్తా!"



కువలయాదేవి చెయ్యి ఎత్తి ఫెళ్లున కొట్టింది. ఆమె ఆ పిల్లని కొట్టడం అదే మొదలు. "మా నాన్నకి దారి చూపించడానికి ఉప్పుగంప మోసేది కావాల్సొచ్చిందా? యముడి దగ్గరనుంచి తిరిగొచ్చిన మనిషిని పట్టుకుని ఆయన ఎదటే ఆయన పరువు తీస్తావా? పెంచినందుకు ఇదా?"

"ఆ పేరు మీదే గదమ్మా ఈ ఊరంతా అన్నం తింటంది," అన్నాడు మొగిలయ్య బాధగా. "నా కళ్లారా సూశాను అమ్మణ్ణీ. కత్తి ఎత్తాడు, నీరు దారిచ్చింది. నేను సుక్కాని పట్టుకునున్నా. నీకు తెలుసా, నాకు తెలుసా?"

నిజం చెప్పినందుకు ఆమె మాట మరీ అబద్ధంలా వినపడింది. పాటలో ఉన్నది చెప్పాడు గనక శవమే గెలిచింది. కువలయాదేవి భుజం మీదుగా ఆ కళ్లు మౌక్తికని చూస్తున్నాయి. పెదవుల చివర చిన్న నవ్వు. నీకు తెలిసిందన్న సంగతి నాకూ తెలిసింది అన్నట్టు.

మౌక్తిక గిరుక్కున తిరిగి పరుగు తీసింది. తాతయ్య ఒంట్లో దూరినవాడి అసలు ఒళ్లు ఈ ఇంట్లోనే ఉండాలి, వైద్యుడు ఎవరినీ రానివ్వొద్దన్న గదిలో. అది చూపిస్తే నమ్మకేం చేస్తారు?

సామాను గది తలుపు లోపల గడియ లేదు. నెట్టింది.

పాత తెరచాపల చుట్టలూ, తుప్పు పట్టిన లంగర్లూ, తారు వాసనా. మధ్యలో బూడిదతో గీసిన వలయం, వలయంలో పద్మాసనం వేసుకున్న శంబళుడు. కళ్లు తెరిచే ఉన్నాయి, గుమ్మంలో నిలబడ్డ ఆమెనే చూస్తున్నాయి. అతను కదల్లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. చెయ్యి తాకితే నూతిరాయిలా చల్లగా ఉంది. విడిచిన చొక్కాలాగా తన ఒంటిని అక్కడ కూర్చోబెట్టి వెళ్లాడు!

అతని ఒళ్లో రాగి బేసిన ఉంది. అందులో సముద్రపు నీరు, నీటి మీద చెట్టుబెరడుతో చేసిన పన్నెండు బుల్లి ఓడలు. అడుగున వరసగా గుచ్చిన సొరచేప పళ్లు. బేసిన అడుగు చిల్లిలోంచి నీరు బొట్టుబొట్టుగా కారుతోంది. ఓడలు పళ్ల వైపుకి దిగుతున్నాయి. అన్నిటికంటే ముందున్న ఓడ కొయ్యకి నల్లటి వెంట్రుక ఒకటి చుట్టి ఉంది. హంసకేతు గది చీపురుతో ఊడ్చినప్పుడు దొరికేలాంటి వెంట్రుక.

ఆమె బేసిన మీద చెయ్యి వేసిందో లేదో వెనకనుంచి ఎవరో జడ పట్టుకుని లాగారు.

"ఓసి నీ తెలివి తెల్లారా! తపస్సులో ఉన్నాయన్ని ముట్టుకుంటావా చిన్నమ్మా!" ఎర్రెమ్మ. చేతిలో గరిటె. "కళ్లు పోతాయి! నీవే కాదు, పక్కన నిలబడ్డందుకు నావీ పోతాయి!"

"ఎర్రెమ్మా, ఊపిరి లేదు చూడు! చచ్చినట్టున్నాడు చూడు!"

"మహానుభావులకి ఊపిరెందుకే? నీకూ నాకూ గానీ!" ఎర్రెమ్మ ఆమెని బయటికి ఈడ్చి, తలుపు మూసి, తన వీపు ఆనించి నిలబడింది. లోపల నీటిబొట్టు టప్‌ మంది.

ఇంక ఎవరికీ చెప్పే పని లేదు. మౌక్తిక మెట్ల వైపు దూకింది.

కప్పు మీద గాలి మనిషిని ఎత్తుకుపోయేలా ఉంది. ఎండ నడినెత్తిన నిలబడి ఉంది. కింద రేవులో మొసలి తలల ఓడలు ఒక్కొక్కటీ మొగ వైపు తిరుగుతున్నాయి, పెళ్లి ఊరేగింపుకి బయలుదేరిన ఏనుగుల్లా నిండుగా, ఏమీ తెలియకుండా. తెరచాపలు మల్లెమొగ్గల్లా విచ్చుకుంటున్నాయి. వాటికి ముందు, మెరిసే నీళ్ల కింద, కోరలు.

ఆమె జెండాల పెట్టె తెరిచి ఎర్రది లాగింది. తెల్ల జెండా తాడు విప్పితే అది ఒక్కసారిగా కిందికి జారి ఆమె మీద పడి ముసుగులా కప్పేసింది. గింజుకుని బయటపడింది. ఎర్ర జెండా ముడి వేసింది. తాడు లాగింది. తడిసిన తాడు అరచేతుల్ని కోస్తోంది. మూరెడు లేచింది. బారెడు లేచింది.

"అమ్మణ్ణీ!" మొగిలయ్య మెట్లెక్కి వచ్చి తాడు పట్టుకున్నాడు. ముసలి చేతులే గానీ ఇనుపకొక్కేలు. "ఒదులు తల్లీ. దొరమాట కాదంటే సముద్రం మనల్ని ఒదలదు."

"మొగిలి తాతా, ఒక్కటి చెప్పు. ఒక్కటే." ఆమె తాడు వదల్లేదు. "ఆ రోజు మన పదకొండు ఓడల్లో ఒక్కటైనా ఆటులో ఆ దారిన వెళ్లిందా?"

"లేదు."

"ఆ తరవాత ముప్పై రెండేళ్లలో?"

మొగిలయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఆటులో లంగరు తీసిన సరంగుని ఏం చేస్తానన్నాడు తాతయ్య?"

"...కొయ్యకి కట్టేత్తానన్నాడు. నన్నే ఓసారి కట్టబోయాడు." ముసలివాడి పట్టు సడలింది. రేవు వైపు చూశాడు, కోరల వైపు చూశాడు. "అమ్మణ్ణీ... ఇందాక నేను కాళ్లకి దండం పెడితే... ఆ కాళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి."

"లాగు తాతా!"

ఇద్దరూ కలిసి లాగారు. ఎర్ర జెండా కొయ్య సగం దాకా జరజరా పాకింది.

"మొగిలీ!"

కిందనుంచి, మెట్ల దారిలోంచి, ఉదగ్రసేనుడి గొంతు. తుపానుల్లో, యుద్ధాల్లో, నలభై ఏళ్లు విన్న గొంతు. మొగిలయ్య మనసు ఏమనుకుందో గానీ అతని చేతులు ఆ గొంతుకి అలవాటుపడినవి. అవి తాడు వదిలేశాయి, అతను నిటారుగా నిలబడ్డాడు. జెండా సగంలో ఆగి, గాలికి కొయ్య చుట్టూ చుట్టుకుని చిక్కుపడిపోయింది.

సగం లేచిన ఎర్ర జెండాకి ఏ అర్థమూ లేదు. ఓడల మీద నగారాలు తడబడ్డాయి. కొన్ని ఆగాయి, కొన్ని మోగుతున్నాయి. ముందునున్న ఓడ ప్రక్కనుంచి ఒక చిన్న పడవ నీళ్లలోకి దిగింది. అందులో నీలి తలపాగా, హంసకేతు! సంగతేమిటో అడగడానికి తానే ఇంటి వైపు వస్తున్నాడు. కొండ కిందికి చేరడానికి ఒక గడియ పడుతుంది. ఆ గడియ పన్నెండు ఓడలూ ఆగుతాయా? ఆగి, అతనొచ్చాక ఈ ఇంట్లో అతనికి చెప్పేది ఎవరు? ఆమేనా, శవమా?

మొగిలయ్య ఆమె రెక్క పట్టుకుని మెట్లు దింపాడు. ఏడుస్తూనే దింపాడు. "పిలిచాడమ్మా. నేనేం జెయ్యను, పిలిచాడు."

దండనాథుడు మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. కువలయాదేవి ఆయన వీపు వెనక దిండ్లు సర్దుతోంది. ఆమె ముఖం దీపంలా వెలుగుతోంది. నెలరోజులుగా లేవని తండ్రి లేచి కూర్చున్నాడు.

"మనవడు వస్తున్నాడు," అంది శవం. "తిన్నగా నా దగ్గరికే పంపండి. ఈలోగా పిల్లని నా దగ్గర వదలండి. భయపడింది పాపం. నాలుగు మాటలు చెబుతాను."

"అత్తా, వద్దు! అత్తా, ఆ కళ్లు చూడు, ఒక్కసారి రెప్ప వేస్తాడేమో చూడు! సామాను గదిలో వైద్యుడి ఒళ్లు..."

"ష్, ష్." కువలయాదేవి ఆమె చెంప నిమిరింది, ఇందాక కొట్టిన చెంపే. వేళ్లు వెచ్చగా ఉన్నాయి. "కొట్టాను కదూ? తప్పు నాదే. రాత్రీ పగలూ మంచం దగ్గర కూర్చుని నీకు మతి చలించింది. తాతయ్య నీ మీద కోపంగా లేరు. చూడు, ఎంత ప్రేమగా పిలుస్తున్నారో."

మౌక్తిక గుమ్మం పట్టుకుంది. అత్త ఒక్కొక్క వేలూ మెల్లిగా విడదీసింది, చిన్నప్పుడు బెల్లం ముక్క విడిపించినట్టు, నొప్పి కలగకుండా. గదిలోకి నెట్టింది.

వెనక మంచం కిర్రుమంది. నెలరోజులుగా నేల తాకని రెండు పాదాలు గచ్చు మీద ఒకదాని తరవాత ఒకటి ఆనాయి.

"తాతయ్యే కదే, భయమెందుకు?" అంది కువలయాదేవి నవ్వుతూ, కళ్లలో నీళ్లతో. తలుపు మూసి బయట గడియ పెట్టింది.